ఆరు నెలలు నిండిన తరువాత

నేను ప్రభుత్వ వైద్యునిగా పనిచేసినన్నాళ్లూ తల్లులు బిడ్డలను విరేచనాలకో, దగ్గుకో, జ్వరానికో తీసుకొని వచ్చేవారు. బిడ్డ చిక్కిపోతున్నాడని వచ్చినవారు అరుదు. పోషకాహార లోపానికి నొప్పి ఉండదు. అందుకే అది కంటికి ఆనదు. కాని ప్రపంచంలో అయిదేళ్లలోపు పిల్లల మరణాలలో దాదాపు సగానికి దానితో సంబంధం ఉంది.

మన దేశంలో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975లోనే ఆరంభమైంది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, అయిదేళ్లలోపు పిల్లలలో 35.5 శాతం మంది వయసుకు తగినంత ఎత్తు ఎదగలేదు. ఆరు నెలలు నిండి రెండేళ్లలోపు ఉన్నవారిలో తగిన ఆహారం అందినది నూటికి సుమారు 11 మందికే.

అసలు చిక్కు ఈ వయసులోనే ఉన్నది. ఆరు నెలలు నిండాక తల్లిపాలు మాత్రమే చాలవు. అప్పుడు మనం పెట్టేది పలుచని గంజి, పప్పు మీది తేట. బిడ్డ పొట్ట చిన్నది. అది నీళ్లతోనే నిండితే శక్తి ఎక్కడి నుండి వస్తుంది?

పేదరికం కారణం కాదని నేననను. కూలికి పోయే తల్లికి పదేపదే తినిపించే తీరిక ఏది? ఆ పనిని తండ్రి, నాయనమ్మ పంచుకోవాలి. మెత్తగా మెదిపిన పప్పన్నంలో చెంచాడు నూనె, ఆకుకూర, వీలైతే గుడ్డు కలపండి. మొదట రోజుకు రెండు మూడు మార్లు, తొమ్మిది నెలలు నిండాక మూడు నాలుగు మార్లు పెట్టండి. తల్లిపాలు రెండేళ్ల వరకు కొనసాగించండి. విరేచనాలవుతున్నా ఆహారం ఆపరాదు.

నెలనెలా అంగన్‌వాడీలో బరువు తూయించండి. ఆరు నెలలు దాటిన బిడ్డ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గితే, జ్వరం లేకపోయినా వెంటనే వైద్యునికి చూపించండి.