ఎనిమిది వందల బండి స్థానంలో ఏది?

నేను వెళ్లేసరికి తిరుపతి రేణిగుంట రోడ్డు పక్కన మెకానిక్ షెడ్డు ముందు, వేపచెట్టు నీడలో తెల్ల మారుతి 800 బానెట్ ఎత్తి ఉంది. ఏపీ 03 నంబరు, చిత్తూరు జిల్లా బండి. యజమాని రిటైరైన అయ్యవారు. దామలచెరువు దగ్గరి మామిడితోటకూ, నెలకోసారి తిరుమల కొండకూ భార్యతో ఇందులోనే వెళ్తారు.

మెకానిక్ కార్బురేటర్ విప్పి పాత పేపరు మీద ముక్కలుగా పరిచాడు. ఇత్తడి జెట్‌ను పెట్రోలులో కడిగి, వెలుతురుకు ఎత్తి చూసి, నోటితో ఊదాడు. దాని రంధ్రం సూదిమొనంత. అందులో నలుసు అడ్డుపడితే ఘాట్ మలుపులో బండి మొరాయిస్తుంది.

"దీనికి స్పానర్లు, గుడ్డపేలిక ఉంటే చాలు అయ్యోరూ. ఇప్పటి బండ్లకు స్కానరు తగిలించి చూడాల" అన్నాడు.

అయ్యవారు కొత్త బండి కోసం చూస్తున్నారు. కానీ ఈ రకం ఇక రాదు. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 తయారీ 2014 జనవరి 18న ఆగిపోయింది. అప్పటికి ఒక్క మన దేశంలోనే 26 లక్షలకు పైగా అమ్ముడైంది. కాలుష్య నిబంధనల వల్ల హైదరాబాదు వంటి పెద్ద నగరాల్లో అమ్మకం 2010లోనే నిలిచింది. దాని 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను వంశం మాత్రం ఆల్టో 800 రూపంలో 2023 దాకా సాగింది.

అందుకే మెకానిక్ మొదట చెప్పింది సెకండ్ హ్యాండ్ ఆల్టో 800. చేతికి అలవాటైన ఇంజను. కొత్తదే కావాలంటే 998 సీసీ ఆల్టో కె10.

ఏది ఎక్కువ వేగంగా పోతుందన్న లెక్క ఇక్కడ పనికిరాదు. అలిపిరి నుంచి కొండెక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలని టీటీడీ నిబంధన. ముందే చేరితే జరిమానా. ఎక్కేటప్పుడు సెకండ్ గేరులో తడబడకుండా లాగాలి. దిగేటప్పుడు అదే గేరు బండిని పట్టి ఉంచాలి, బ్రేకులు కాలి వాసన రాకూడదు. ఘాట్ మీద నడిపేవాళ్లు చూడాల్సింది ఇదే.

ఇంతసేపూ అరుగు మీద కూర్చుని విన్న అమ్మగారు అప్పుడు నోరు విప్పారు. "ఇంజను సంగతి మీరిద్దరూ చూసుకోండి నాయనా. దీంట్లోంచి దిగాలంటే నా మోకాళ్లు ఒప్పుకోవడం లేదు."

షెడ్డులో ఓ మూల సర్వీసుకొచ్చిన ఎస్-ప్రెస్సో ఉంది. ఇంజను కె10లోదే, సీటు మాత్రం ఎత్తు. ఆమె తలుపు పట్టుకుని కూర్చున్నారు, లేచారు, మళ్లీ కూర్చున్నారు. మూడోసారి తలుపు పట్టుకోలేదు. అయ్యవారు డిక్కీ తెరిచి, మామిడికాయల క్రేట్లు ఎన్ని పడతాయోనని జానతో కొలిచారు. నాకైతే ఆమె మూడోసారి లేచినప్పుడే బండి ఖాయమైందనిపించింది. కొత్త కారు ఎంచేటప్పుడు మైలేజీ కంటే ముందు ఇంట్లో పెద్దవాళ్లను ఇలా కూర్చోబెట్టి చూడాలి.

మెకానిక్ కార్బురేటర్ బిగించి, చోక్ లాగి తాళం తిప్పాడు. రెండో తిప్పుకు ఇంజను అందుకుంది.

"ఈ కాయల కాలం దాకా ఇది తిరుగుతాది అయ్యోరూ."

అమ్మగారు మెల్లగా ముందు సీట్లో కూర్చున్నారు. బండి చంద్రగిరి వైపు సాగిపోయింది.