గొలుసు తెగిన తర్వాత

మహేశ్వరంలో మా వీధి చివర కొత్తగా జిమ్ వెలిసింది. లోపలి గోడమీద మహమ్మద్ అలీ నిలువెత్తు బొమ్మ. పక్కింటి కుర్రాడు రోజూ ఆ బొమ్మ ముందు కండలు చూసుకుని వస్తాడు. "మన తెలుగువాళ్ళలో అలాంటి వీరుడెవరో చెప్పు" అన్నాను. సినిమా హీరోల పేర్లు నాలుగు చెప్పాడు! వాడి తప్పేముంది లెండి. కోడి రామమూర్తినాయుడుగారి పేరు మనమైనా ఎంతమంది పిల్లలకు చెప్పాం?

ఆయనది బాక్సింగ్ కాదు, కుస్తీ, బలప్రదర్శన. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో చిన్నాన్నగారి దగ్గర పెరిగి, వ్యాయామం నేర్పే మాస్టారై, తర్వాత సొంతంగా సర్కస్ కంపెనీ పెట్టారు. ఒంటికి ఇనుప గొలుసు బిగించి, ఊపిరి పూరించి, ఫట్టున తెంచేవారు. చెరో పక్కా లాగే రెండు కార్లు ఆయన పట్టులో కదిలేవి కావు. గుండెమీద ఏనుగును నిలబెట్టుకునేవారు. 'కలియుగ భీముడు' అన్నారంటే అనరూ మరి! ఇదంతా శాకాహారంతోనేనట. మా ఇంట్లో ప్రోటీన్ డబ్బాల ఖర్చు తలుచుకుంటే నాకు ఆ మాటే ఎక్కువ నచ్చింది.

ఇంతవరకూ అందరూ చెప్పేదే. ఆ తర్వాత కాలిమీద పుండు లేచింది. కాలు తీసేయాల్సి వచ్చింది. మత్తుమందు అక్కర్లేదని ఊపిరి బిగబట్టి కోయించుకున్నారని చెప్పుకుంటారు. చూశారా, అక్కడ కూడా మనకు ఘనకార్యమే కావాలి! మర్నాడు పొద్దున్న ఆయన్ని లేపి కూర్చోబెట్టిందెవరు? ఏనుగును మోసిన మనిషి గడప దాటడానికి ఇంకొకరి భుజం పట్టుకున్నప్పుడు ఆ మనసు ఎలా ఉండి ఉంటుంది? నవలలు రాసేదాన్ని గనక నాకు ఆ అధ్యాయమే కావాలి. చరిత్ర రాసేవాళ్ళు మాత్రం చివరి రోజులు ఒరిస్సాలో గడిచాయని, 1942లో పోయారని ఒక్క వాక్యంతో తేల్చేస్తారు.

విచిత్రం, అదే 1942లో అమెరికాలో అలీ పుట్టాడు. మూడుసార్లు హెవీవెయిట్ ఛాంపియన్. 1981లో ఆఖరి పోటీ ఆడాడు. 1984కల్లా పార్కిన్సన్స్ జబ్బని డాక్టర్లు తేల్చారు. 1996లో అట్లాంటా ఒలింపిక్స్ జ్యోతి వెలిగిస్తుంటే ఆ చెయ్యి గజగజ వణికింది. అయినా దాచుకోలేదు, లోకమంతా చూస్తుండగానే వెలిగించాడు. నాకైతే ఫోర్మన్‌ని పడగొట్టిన 1974 నాటి చెయ్యి కంటే ఈ చెయ్యే గొప్పగా కనిపిస్తుంది. 1986లో పెళ్ళాడిన లోనీ, 2016లో ఆయన కన్నుమూసేదాకా ముప్ఫై ఏళ్ళు పక్కనే ఉంది. ఆవిడ పేరు మనకు తెలుసు, అదే నయం.

రామమూర్తినాయుడుగారి పేరుమీద శ్రీకాకుళంలో స్టేడియం ఉంది, విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం ఉంది. అవన్నీ గొలుసు తెంచిన మనిషికి. వీరఘట్టం వైపు పాఠకురాళ్ళెవరైనా ఉంటే, కాలు పోయిన తర్వాతి ఆయన సంగతులు మీ ఇంటి ముసలమ్మలు ఎప్పుడైనా చెప్పుకున్నారేమో, కాస్త గుర్తుచేసుకుని రాయండి.