జైలు లేదన్నారు సరే, టికెట్టు మాటేమిటి?

“డాక్టరు గారూ, మావాడు చదివే రాష్ట్రంలో గంజాయి నేరం కాదటగా! ఇక భయమేముంది?”

ఈ ప్రశ్న ఈ రెండు మూడేళ్లలో నన్ను చాలామంది అడిగారు. ఆసుపత్రి ఓ.పి.లో అడిగారు, పెళ్లి పందిట్లో అడిగారు. అమెరికాలో పిల్లలున్న ఇల్లు ఇవాళ వీధికొకటి ఉంది. అందుకని ఈ వారం బి.పి., షుగరు పక్కన పెట్టి ఈ సంగతి చెప్పుకుందాం.

నేను లాయర్ని కాను. పాతికేళ్లు దాటిన సర్వీసున్న ప్రభుత్వ వైద్యుణ్ణి. మా అమ్మాయి కాపురం నార్త్ కరోలినా రాష్ట్రంలోని షార్లెట్ నగరంలో. రెండుసార్లు వెళ్లి కొన్ని నెలలు ఉండి వచ్చాను. అక్కడి మన పిల్లల నోట విన్న మాటకూ, చట్టంలో ఉన్న మాటకూ పొంతన లేకపోవడం చూసి, కొంచెం శ్రద్ధగా చదివి తెలుసుకున్నాను.

మూడు మాటలు, మూడు అర్థాలు

అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ తన శిక్షాస్మృతి ఉంటుంది. గంజాయి విషయంలో రాష్ట్రాలు మూడు దారులు పట్టాయి. కొన్నిచోట్ల అది జైలుకు పంపదగిన నేరం. కొన్నిచోట్ల కొద్దిపాటి గంజాయి దొరికితే జైలు లేకుండా జరిమానాతో సరిపెడతారు. దీన్నే డిక్రిమినలైజేషన్ అంటున్నారు. ఇంకొన్నిచోట్ల 21 ఏళ్లు నిండినవారు దుకాణంలో కొనుక్కోవచ్చు. ఇది లీగలైజేషన్.

మనవాళ్లు రెండోదాన్నీ మూడోదాన్నీ కలిపేసి “నేరం కాదు” అంటున్నారు. చిక్కంతా అక్కడే వస్తోంది.

జరిమానా పద్ధతికి మొదట తెర తీసింది ఆరిగాన్ రాష్ట్రం, 1973లో. ఒక ఔన్సు లోపు దొరికితే 100 డాలర్లకు మించని జరిమానా అన్నారు. ఔన్సంటే మన లెక్కలో 28 గ్రాములు. ఆ తర్వాత అయిదారేళ్లలో మరికొన్ని రాష్ట్రాలు అదే బాట పట్టాయి. ఉద్దేశం మంచిదే. జేబులో చిన్న పొట్లం ఉన్న కుర్రాణ్ణి జైల్లో పెడితే ఆ కుర్రాడు బాగుపడడు, పాడవుతాడు. పోలీసుకు పని తగ్గించి, అవసరమైనవాణ్ణి వైద్యుడి దగ్గరకు రానివ్వాలన్నది ఆలోచన. వైద్యుడిగా ఆ ఆలోచనను నేను కాదనను. అయితే కాగితం మీది ఆలోచన వేరు, వీధిలో అమలు వేరు.

ఒకే రోడ్డు, మూడు చట్టాలు

షార్లెట్ ఊరి పక్కనుంచి 85వ నంబరు హైవే పోతుంది. ఉత్తరాన వర్జీనియాలో మొదలై, నార్త్ కరోలినా దాటి, సౌత్ కరోలినాలోకి దిగుతుంది. మన పిల్లలు శనాదివారాల్లో కారు తీస్తే ఒక్కరోజులో ఈ మూడూ చుట్టి రాగలరు.

వర్జీనియాలో 2020 జూలై 1న గంజాయిని 25 డాలర్ల జరిమానా కిందికి దించారు. సరిగ్గా ఏడాదికి, 2021 జూలై 1న, 21 ఏళ్లు నిండినవారు ఒక ఔన్సు దాకా దగ్గర ఉంచుకోవచ్చన్నారు. అదే పొట్లంతో హద్దు దాటి నార్త్ కరోలినాలోకి వస్తే లెక్క మారుతుంది. ఈ రాష్ట్రం 1977లోనే సడలింపు ఇచ్చింది. అర ఔన్సు లోపయితే జైల్లో కూర్చోబెట్టరు, 200 డాలర్ల దాకా జరిమానా వేస్తారు. కానీ చట్టంలో అది ఇప్పటికీ మిస్‌డిమీనరే, అంటే చిన్న నేరమే. అర ఔన్సు దాటితే 45 రోజుల దాకా జైలుకు వీలుంది. ఔన్సున్నర దాటితే ఫెలనీ, అంటే పెద్ద నేరం.

ఇంకో మెలిక కూడా ఉంది. కుర్రకారు ఇప్పుడు ఆకు చుట్టి తాగడం తగ్గించి, పెన్నులా ఉండే వేప్ గొట్టాలు పీలుస్తున్నారు. గంజాయి జిగురు నుంచి విడదీసిన టీహెచ్‌సీ అనే మత్తుపదార్థం ఏ కొంచెం దొరికినా నార్త్ కరోలినా చట్టం దాన్ని ఫెలనీగానే చూస్తుంది. ఆకుకు ఉన్న సడలింపు గొట్టానికి లేదు. ఈ సంగతి నేను చెబితే మా అల్లుడి స్నేహితులు నోరు తెరిచారు.

అదే రోడ్డు మీద ఇంకాస్త దక్షిణానికి పోతే సౌత్ కరోలినా. అక్కడ ఒక ఔన్సు లోపు మొదటిసారి పట్టుబడ్డా 30 రోజుల దాకా జైలు వేయవచ్చు. మనవాళ్లు ఎక్కువగా ఉండే డల్లాస్ సంగతి చూడండి. టెక్సాస్ చట్టం ప్రకారం రెండు ఔన్సుల లోపు గంజాయికి 180 రోజుల దాకా జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా.

కాబట్టి “అమెరికాలో గంజాయికి అనుమతి ఉందటగా” అనే మాట సగం కూడా నిజం కాదు. 2023 నవంబరులో ఒహాయో ఓటర్లు సరేననడంతో పెద్దల గంజాయి వాడకాన్ని చట్టబద్ధం చేసిన రాష్ట్రాలు 24 అయ్యాయి. ఉన్నవి 50.

చట్టం ఒకటి, అమలు ఇంకొకటి

న్యూయార్కు రాష్ట్రం కూడా 1977లోనే 25 గ్రాముల లోపు గంజాయికి జరిమానా చాలునంది. కాకపోతే ఒక చిన్న వాక్యం మిగిల్చింది: బహిరంగంగా నలుగురికీ కనిపించేలా ఉంటే మాత్రం నేరం. తర్వాత తర్వాత పోలీసులు వీధిలో కుర్రాళ్లను ఆపి, జేబులు ఖాళీ చేయమనేవారు. జేబులోంచి పొట్లం బయటికి తీయగానే అది ‘నలుగురికీ కనిపించినట్టు’ అయ్యేది. అలా 2011లో ఒక్క న్యూయార్కు నగరంలోనే 50,000కు పైగా అరెస్టులు జరిగాయి. పట్టుబడ్డవారిలో అధికులు నల్లవారు, హిస్పానిక్ యువకులు. అలా చేయవద్దని ఆ ఏడాది సెప్టెంబరులో పోలీసు కమిషనర్ రేమండ్ కెల్లీ స్వయంగా ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చింది. ఆ రాష్ట్రం గంజాయిని చట్టబద్ధం చేసింది 2021 మార్చి 31న.

“నేరం కాదు” అన్న రాష్ట్రంలో కూడా 44 ఏళ్లు ఎవరి జేబు ఎవరి ముందు ఖాళీ అయింది అన్నదాన్ని బట్టి శిక్ష మారింది. కొత్త ఊళ్లో, కొత్త రంగుతో, పరాయి పాస్‌పోర్టుతో తిరిగే మన పిల్లలు దీన్ని గుర్తుంచుకోవాలి.

రాష్ట్రం మరిచినా కేంద్రం మరవదు

ఇది అన్నిటికన్నా ముఖ్యమైనది. వీసాలు, గ్రీన్‌కార్డులు రాష్ట్రాల చేతిలో లేవు, కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. ఆ ప్రభుత్వం 1970లో చేసిన చట్టంలో గంజాయిని అత్యంత కఠినమైన మొదటి జాబితాలో చేర్చింది. దాన్ని మూడో జాబితాకు దించాలని 2024 మేలో ప్రతిపాదన వచ్చింది. మూడో జాబితా అంటే కూడా స్వేచ్ఛ కాదు, డాక్టరు చీటీ కావలసిన మందుల జాబితా.

వలస చట్టంలో ఒక వెసులుబాటుంది. సొంత వాడకానికి 30 గ్రాముల లోపు గంజాయి ఉంచుకున్న నేరం ఒకే ఒక్కసారి రుజువైతే, ఆ కారణంగా దేశం నుంచి పంపివేయరు. కానీ సెలవులకు ఇంటికొచ్చి మళ్లీ ఆ దేశంలో అడుగుపెట్టేటప్పుడూ, గ్రీన్‌కార్డు అడిగేటప్పుడూ ఈ వెసులుబాటు దానంతటది అక్కరకు రాదు. కోర్టులో రుజువు కాకపోయినా, అధికారి ముందు పద్ధతి ప్రకారం ఒప్పుకున్నా అడ్డంకే. గంజాయి దుకాణంలో ఉద్యోగం రాష్ట్ర చట్టం ప్రకారం సక్రమమే అయినా, పౌరసత్వం అడిగినప్పుడు అది సత్ప్రవర్తనకు అడ్డు కావచ్చని 2019లో అక్కడి వలస శాఖ స్పష్టం చేసింది.

మన పిల్లవాడికి టికెట్టు ఇస్తారు. ట్రాఫిక్ చలానా లాంటిదే కదా అని డబ్బు కట్టేస్తాడు. కట్టడమంటే చాలాచోట్ల నేరం ఒప్పుకున్నట్టే. రాష్ట్రానికి ఆ డబ్బుతో కథ ముగుస్తుంది. వీసా ఆఫీసులో అక్కడి నుంచే మొదలవుతుంది.

శరీరానికి చట్టం తెలియదు

ఇప్పుడు నా వృత్తిలోకి వస్తాను. వివరాలు కొంచెం మార్చి ఒక కేసు చెబుతాను.

అక్కడ చదువుతున్న ఒక అబ్బాయిని, సెలవులకు వచ్చినప్పుడు తల్లి నా దగ్గరికి తీసుకొచ్చింది. ఏడెనిమిది నెలలుగా ఉండుండి వాంతులు. కడుపులో నొప్పి, బరువు తగ్గడం. ఎండోస్కోపీ, స్కానింగు, లివరు పరీక్షలు అన్నీ సవ్యంగా ఉన్నాయి. గ్యాసన్నారు, దిగులన్నారు. తల్లి మాటల మధ్యలో, “ఏమిటో డాక్టరు గారూ, రోజుకు నాలుగుసార్లు మరిగే నీళ్లు పోసుకుంటాడు. గీజరు ఆపనివ్వడు” అంది.

నేను ఆమెను కాసేపు బయట కూర్చోమన్నాను. “బాబూ, వేడినీళ్లు పడితే వాంతి తగ్గుతోందా?” అన్నాను. తలూపాడు. “గంజాయి ఎన్నాళ్లుగా?” అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మూడేళ్లు సార్. అక్కడ అది నేరం కాదు” అన్నాడు. మరి అక్కడి డాక్టరుకు ఎందుకు చెప్పలేదంటే, ఒకసారి టికెట్టు పడిందనీ, చెబితే వీసా పోతుందని భయమనీ అన్నాడు.

చూడండి! పోలీసు దగ్గర నేరం కాదన్న ధైర్యం, డాక్టరు దగ్గర నేరమన్న భయం. రెండూ తలకిందులుగా ఉన్నాయి.

ఏళ్ల తరబడి రోజూ గంజాయి వాడేవారిలో కొందరికి ఈ వాంతుల జబ్బు వస్తుంది. 2004లో ఆస్ట్రేలియా వైద్యులు దీన్ని మొదట వివరంగా రాశారు. వేడినీళ్ల స్నానంతో ఉపశమనం కలగడం దీని ఆనవాలు. మామూలు వాంతుల మాత్రలు పెద్దగా పనిచేయవు. ఉన్న మందు ఒక్కటే, పూర్తిగా మానడం. ఆ అబ్బాయి మానాడు. మొదటి వారం నిద్ర పట్టలేదు, చిరాకుపడ్డాడు, అన్నం సహించలేదు. మానేటప్పుడు ఇవి సహజం, సాధారణంగా రెండు వారాల్లో సర్దుకుంటాయి. వాంతులు క్రమంగా తగ్గాయి.

ఇప్పటి గంజాయి మన తాతల నాటిది కాదని కూడా తెలుసుకోండి. అమెరికాలో అధికారులు పట్టుకున్న సరుకులో టీహెచ్‌సీ 1995లో 4 శాతం ఉంటే, 2014కి 12 శాతం అయింది. చిన్న వయసులో, అందులో ఇంట్లో ఎవరికైనా మతిభ్రమణం ఉన్నప్పుడు, ఇది మనసును మరీ దెబ్బతీస్తుంది.

మనవలను చూసుకోవడానికి అమెరికా వెళ్లే అమ్మమ్మలూ నాయనమ్మలూ ఇంకో మాట వినాలి. అక్కడ గంజాయి కలిపిన జెల్లీ బిళ్లలు, చాక్లెట్లు అచ్చం పిల్లల మిఠాయిలాగే ఉంటాయి. వాటిని పొరపాటున తిన్న ఆరేళ్ల లోపు పిల్లల కేసులు అక్కడి విష చికిత్సా కేంద్రాల లెక్కలో 2017లో 207. 2021లో 3,054. తిన్న అరగంట నుంచి రెండు గంటలకు గానీ మత్తు ఎక్కదు. బిడ్డ అకారణంగా మగతగా పడివుంటే, నిద్ర అనుకోకుండా 911కు ఫోను చేయండి.

ఇంట్లో చేయవలసినవి

1. పిల్లలు వెళ్లేముందే ఈ మాట ఎత్తండి. “నువ్వు అలాంటివాడివి కాదులే” అని దాటేయకండి. ఏ రాష్ట్రానికి వెళుతున్నాడో ఆ రాష్ట్రపు చట్టం, పక్క రాష్ట్రపు చట్టం చదవమనండి.

2. టికెట్టు పడితే వెంటనే డబ్బు కట్టవద్దు. కోర్టు తేదీ దాటనివ్వకుండా ముందు వలస చట్టం తెలిసిన లాయరును కలవమనండి. లాయరు ఫీజు జరిమానా కన్నా ఎక్కువే కావచ్చు, చదువు కన్నా ఎక్కువ కాదు.

3. జబ్బు చేస్తే చికిత్స చేసే డాక్టరు దగ్గర దాచవద్దు. రోగి రహస్యం కాపాడటం అక్కడ చట్టం. అయితే వీసా, గ్రీన్‌కార్డుల కోసం చేసే వైద్య పరీక్ష వేరు. అక్కడ మత్తు వాడకం గురించి అడుగుతారు, అబద్ధం చెప్పకూడదు. ఎప్పుడో మానేసి ఉండటమే దానికి మార్గం.

4. మత్తులో కారు నడపడం ఏ రాష్ట్రంలోనైనా నేరమే.

5. సూట్‌కేసులో జెల్లీ బిళ్లలు తేవద్దు. మన 1985 చట్టంలో కిలో లోపు గంజాయిని ‘కొద్దిపాటి’ అన్నంతమాత్రాన శిక్ష లేదనుకోకండి. ఏడాది దాకా కఠిన జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. అదే చట్టంలో, మత్తుకు బానిసైనవాడు తనంతట తాను చికిత్సకు వస్తే కొద్దిపాటి మత్తుపదార్థాల కేసుల్లో విచారణ నుంచి రక్షణ కూడా ఉంది. మన దేశంలో సలహా కోసం 14446కు ఉచితంగా ఫోను చేయవచ్చు.

చివరిగా తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లవాడు ఫోనులో “అమ్మా, ఒక పొరపాటు జరిగింది” అన్నప్పుడు, పరువు సంగతి తర్వాత మాట్లాడండి. ముందు “భోంచేశావా? ఒంట్లో ఎలా ఉంది? టికెట్టు మీద తేదీ ఎంత వేశారు?” అని అడగండి. పిల్లవాడు నిజం చెప్పగలిగితే, డాక్టరూ లాయరూ చేయగలిగింది చాలా ఉంది.