రైట్ రైట్... హోల్డాన్

రిటైరయ్యాక మేం ఆర్వీ కొన్నామని తెలిసి తెనాలిలో మా అన్నయ్య ఫోన్లో అడిగిన మొదటి మాట: "ఇల్లు అమ్మేశారా ఏంట్రా?" వంటిల్లూ మంచమూ బాత్రూమూ వెంటేసుకుని ఊళ్లు తిరగడమేమిటో ఆయనకి చివరిదాకా మింగుడుపడలేదు. నాకు మాత్రం ఎక్కడలేని ధీమా. మిషిగన్‌లో కార్ల కంపెనీలో ఇంజనీరుగా తల నెరిసినవాణ్ణి. ఫోర్డ్ చాసిస్ మీద కట్టిన 28 అడుగుల క్లాస్ సి బండి నాకో లెక్కా?

మంచు పడకముందే బయల్దేరి ఎరిజోనాలో క్వార్ట్జ్‌సైట్ చేరేవాళ్లం. అదో చిన్న ఊరు. చలికాలం వచ్చిందంటే చుట్టూ ఎడారంతా ఆర్వీలే. మేం వెళ్లే రోజుల్లో ప్రభుత్వ భూమిలో 180 డాలర్లు కడితే సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండనిచ్చేవారు. 62 దాటినవాళ్లకి నేషనల్ పార్కుల పాసు జన్మంతటికీ 80 డాలర్లే, దాంతో చాలాచోట్ల క్యాంపింగ్ సగం ధర. ఇంత చవగ్గా బతకడం తెలిసిన మొదటి తెలుగువాణ్ణి నేనే అన్నట్టు అందరికీ చెప్పుకునేవాణ్ణి. మా కుక్కర్ విజిల్ మొదటిసారి విన్న పక్క బండి పెద్దాయన గ్యాస్ పేలుతోందనుకుని పరిగెత్తుకొచ్చాడు. కిటికీ దగ్గర కుండీలో కరివేపాకు మొక్క కూడా మాతోనే ప్రయాణం. ఒకసారి కాలిఫోర్నియాలోకి వెళ్తుంటే బ్లైత్ దగ్గర వ్యవసాయ శాఖ తనిఖీలో దాన్ని లాగేసుకున్నారు. నిమ్మ, నారింజ తోటల్ని పాడుచేసే పురుగు కరివేపాకు మీదా బతుకుతుందట. ఇండియో అనే ఊరు వచ్చేదాకా మా ఆవిడ నోరు విప్పలేదు.

నడిపేది నేను. అందుకే ఆ బండి మొత్తం నా ఒక్కడి మీదే నడుస్తోందనుకున్నాను. నిజానికి చోటు చేరాక నా పని సగమే. బండి వెనక్కి పెట్టాలంటే ఆవిడ దిగి వెనక నిలబడాలి. మా ఇద్దరి భాషా ఆర్టీసీ కండక్టరుది: "రైట్ రైట్" అంటే రావచ్చు, "హోల్డాన్" అంటే ఆగాలి. చక్రాల కింద దిమ్మలు పెట్టి బండి సమంగా ఉందో లేదో వంగి చూడడం, నీళ్ల గొట్టం బిగించడం, కరెంటు ప్లగ్గు పెట్టడం అన్నీ ఆవిడే. మురుగు ట్యాంకు ఖాళీ చేయడం మాత్రం నాది. ఆ త్యాగాన్ని పూటకోసారి గుర్తుచేసేవాణ్ణి.

డెబ్బై దాటాక "ఇంక చాలు నాన్నా" అని అమ్మాయి మొదలుపెట్టింది. నా దగ్గర కాయితాలున్నాయి. శుక్లాల ఆపరేషన్ అయింది, లైసెన్సు ఆఫీసులో కంటి పరీక్ష నెగ్గాను, బీపీ అదుపులో ఉంది. ఒక్కొక్కటీ చదివి వినిపించి వాదనలో గెలిచేవాణ్ణి. మా ఆవిడ పక్కనే కూర్చుని వినేది. మౌనం అర్ధాంగీకారం కదా, అలాగే తీసుకున్నాను.

నాకు కనబడాల్సినవి కనబడ్డాయి, పట్టించుకోలేదంతే. క్యాంప్‌గ్రౌండ్ బుక్ చేసేటప్పుడల్లా ఆవిడ ఇటు దూరి అటు బయటపడే చోట్లే చూసేది. వాటికి డబ్బులెక్కువ. ముసలితనంలో ఈమెకి దర్జాలు వచ్చాయని సణిగేవాణ్ణి. "పొద్దుండగానే చేరదామండీ" అనేది. టీవీ సీరియల్ కోసం కాబోలు అనుకునేవాణ్ణి. మెట్టు దిగేటప్పుడు కడ్డీని రెండు చేతులతో పట్టుకునేది. దానికి నేనేం అనుకున్నానో కూడా గుర్తులేదు.

ఒక ఏడు న్యూ మెక్సికోలో గాలి దుమారానికి చిక్కి, క్యాంప్‌గ్రౌండ్‌కి చీకటిపడే వేళ చేరాం. మిగిలింది ఒకే ఒక్క చోటు, పెద్ద చెట్టు కింద. వెనక్కి పెట్టాల్సిందే. ఆవిడ టార్చి పట్టుకుని దిగింది. వెనక నిలబడ్డ మనిషి అద్దంలో కనిపించకపోతే బండి ఆపాలి, ఆర్వీ నడిపే ప్రతివాడూ మొదట నేర్చుకునేది అదే. ఆవిడ కనిపించడం లేదు. నేను కెమెరా తెర చూసుకుంటూ వెనక్కి వస్తూనే ఉన్నాను. ఆ కెమెరా నేలని చూపిస్తుంది, కొమ్మల్ని చూపించదు. నెత్తిమీద ఫెళ్లుమంది.

దిగి చూద్దును కదా, ఏసీ మీది తొడుగు ముక్కలై కింద పడుంది. ఆవిడ బండి వెనక లేదు. నా కిటికీకి నాలుగడుగుల దూరంలో కంకర మీద కూర్చుని ఉంది. "హోల్డాన్, హోల్డాన్" అని అరిచి, నాకు వినబడక, ఆ నొప్పుల మోకాళ్లతోనే ముందుకు పరిగెత్తబోయి పడింది. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది: "ఏసీ పోయిందా?"

లోపల లైటు కింద కూర్చోబెట్టి ఆవిడ అరచేతిలో దిగిన రాళ్లు చిమటాతో తీశాను. నా కళ్లు నిజంగానే బాగున్నాయి, ఒక్కొక్క రాయీ స్పష్టంగా కనిపించింది. 

"మసక వెలుతురులో నాకు సరిగ్గా ఆనక రెండేళ్లయిందండీ." 

"మరి చెప్పలేదేం?" 

"మీరెప్పుడూ మీ కళ్ల సంగతే కదా చెప్పేది."

ఇద్దరు మనుషులు చేస్తే తప్ప కదలని పనికి ఇన్నేళ్లూ ఒక్క మనిషికే పరీక్షలు చేయించాను. ఆ రాత్రి ఇంకోటి కూడా తట్టింది. ఎడారిలో నాకేమైనా అయితే ఆవిడ ఆ బండిని అడుగు కూడా కదపలేదు. కొన్న కొత్తలో సరదాపడి స్టీరింగు ముందు కూర్చుంటే "నీకెందుకే" అని లేపేసింది నేనే. ఆర్వీ వాళ్లలో తెలిసినవాళ్లు దంపతులిద్దరూ నడపడం నేర్చుకోవాలని మరీ మరీ చెబుతారు. నేనూ తల ఊపినవాణ్ణే.

ఇక్కడితో మానేశాననుకుంటారేమో. ఇంజనీరు బుద్ధి కదా, రెండు వాకీటాకీలు కొన్నాను. మరుసటి ఏడు కూడా బయల్దేరాం. టెక్సస్‌లో లివింగ్‌స్టన్ దగ్గర ఎస్కేపీస్ అనే ఆర్వీ క్లబ్బుకి ఒక చోటుంది. ఇక నడపలేని పెద్దవాళ్లు బండి అక్కడ నిలిపేసి అందులోనే కాపురముండొచ్చు, భోజనమూ సాయమూ వాళ్లు చూస్తారు. నాకు తెగ నచ్చింది. "కదలని బండిలో ఉండడానికి మనకి ఇల్లు లేదా?" అంది ఆవిడ. ఆ తర్వాత ఆవిడకి మోకాలి ఆపరేషన్. బండి పైపుల్లో గులాబీరంగు యాంటీఫ్రీజ్‌తో షెడ్డులోనే ఉండిపోయింది. అద్దె, ఇన్సూరెన్సు కడుతూ, వచ్చే ఏడు చూద్దాంలే అంటూ కూర్చున్నాను. ధర దిగుతూనే ఉంది.

చివరికి కొనడానికొచ్చినాయన తెలుగాయనే, కొత్తగా రిటైరయ్యాడు. టైరు దగ్గర గొంతుక్కూర్చుని పక్కనున్న నాలుగంకెలు చదివాడు: 1514. అంటే 2014లో పదిహేనో వారంలో తయారైంది. అరుగుదల లేకపోయినా వయసైపోతే ఆర్వీ టైరు పేలొచ్చు. ఆరు టైర్ల ఖరీదు తగ్గించమన్నాడు. కార్ల ఇంజనీరుని, తగ్గించాను.

ఆయన భార్య ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చుని, "దీన్ని నడపడం కష్టమా అన్నయ్యగారూ?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆయన నవ్వి, "నీకెందుకు, నేనున్నాగా" అన్నాడు. ఆయనకి రెండు మాటలు చెప్పాల్సిందే. బేరం తెగేదాకా ఆగుదామనుకున్నాను. చెక్కు చేతిలో పడ్డాక చెప్పబుద్ధి కాలేదు.