గ్యాస్ అయిపోలే, పొట్టు పట్టింది

అన్నలారా, మా పాత కారు ఏసీ సూర్యాపేట నుంచి కోదాడ దాకా హైవే మీద చల్లగనే వస్తది. మిర్యాలగూడల మిల్లుల కాడ వడ్ల ట్రాక్టర్ల వెనక ఆగినమా, వేడి గాలే. మొన్న దవాఖానకు తీస్కపోతుంటే అమ్మ సీట్లనే సొమ్మసిల్లింది.

ఒక షాపులో గ్యాస్ అయిపోయిందని రెండుసార్లు నింపిండ్రు. గ్యాస్ డీజిల్ లెక్క ఖర్చయ్యేది కాదు, తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఆ ముక్క ఎవ్వరు చెప్పలే.

కోదాడల ఓ ముసలి మెకానిక్ బండి ఆపి, ఏసీ ఏసి, బానెట్ లేపిండు. రేడియేటర్ ముందటి కండెన్సర్ నిండ వడ్ల పొట్టు. దాని ఫ్యాన్ తిరుగుతలేదు, ఫ్యూజు పోయింది. బండి ఉరికేటప్పుడు ఎదురుగాలి తగిలి చల్లబడుతుండె, అంతే. బోరు మోటరు ఆగితే ముందు ఫ్యూజే చూస్తం, కారుకు ఆ తెలివి రాలే నాకు.

నీళ్ళు మెల్లగ కొట్టి కడిగిండు. జోరుగ కొడితే సన్న రేకులు వంగుతయట.

ఇప్పుడు అమ్మ "చలి పెడుతుంది, తగ్గియ్ రా" అంటుంది.