పెద్ద ఫైళ్ల ప్రయాణము

మన పాఠశాల పాత వార్షిక సంచికలు శిథిలములగుచున్నవి. ఒక పూర్వ విద్యార్థి కుటుంబమువారు తమ పెట్టెలో భద్రపఱచుకొన్న సంచికలను దయతో మాకు పదునైదు దినములు ఎరువిచ్చిరి. వానిని స్కాను చేసి పాఠశాల వెబ్‌సైటున చేర్చు పని గ్రంథాలయ సంఘమువారమగు మాకు ఒప్పగింపబడెను. పుటలను రెండవమాఱు విప్పినచో కుట్టు నిలువదు. కావున తీసిన ప్రతి చెడకుండ సర్వరును చేరుట మాకు మిక్కిలి ముఖ్యమయ్యెను.

చిన్న బొమ్మలు సుళువుగా చేరినవి. 1.5 మెగాబైట్ల పుట మాత్రము 413 అను సంఖ్యతో వెనుకకు వచ్చెను. పంపినది హద్దునకు మించినదని దాని యర్థము. ఒకరు కంప్యూటరును, మఱియొకరు ఇంటర్నెట్టును శంకించిరి. ఊహలు మాని, వేర్వేఱు పరిమాణముల ఫైళ్లను క్రమముగా పంపి, ఏది యెచ్చట ఆగునో వ్రాసికొనుచుంటిమి.

వెలుపలి వాకిట ఎన్‌జిన్‌ఎక్స్ అను ద్వారపాలకుడు కలడు. వేఱుగా ఆజ్ఞాపింపనిచో 1 మెగాబైటునకు మించిన భారమును ఆతడు లోనికి రానీయడు. ఆ హద్దును పెంచగానే 1.5 మెగాబైట్ల పుట చేరెను గాని 5 మెగాబైట్ల ఫైలు చేరలేదు. లోపలి వాకిట పి.హెచ్.పి. కలదు. దానికి ఒక్కొక్క ఫైలునకు 2, ఫారము మొత్తమునకు 8 మెగాబైట్లు సహజమగు హద్దులు. మొదటిదానిని మాత్రము పెంచి 12 మెగాబైట్ల ఫైలును పంపగా వింత జరిగెను. ఫైలే కాక, దానితో వ్రాసిన శీర్షికయు సంవత్సరమును గూడ శూన్యములయ్యెను! మొత్తపు హద్దు దాటినచో పి.హెచ్.పి. ఫారములోని దేనిని గాని ప్రోగ్రామునకు అందింపదు. కావున ఫైలు హద్దుకంటె ఫారము హద్దును, దానికంటె వెలుపలి వాకిటి హద్దును పెద్దవిగా నుండవలెను.

తుదకు 84 మెగాబైట్ల సంచిక మిగిలెను. హద్దులన్నియు చాలియున్నను, నడుమ ఇంటర్నెట్టు తెగుచుండుటచే ప్రతిమాఱును మొదటినుండి పంపవలసివచ్చెను. అంతట ఆ ఫైలును 5 మెగాబైట్ల చొప్పున 17 తునకలు చేసి పంపు ఏర్పాటు చేసితిమి. కడపటి తునక కొంచెము చిన్నది. తునక అందినట్లు సర్వరు తెలిపిన పిమ్మటనే తరువాతిది బయలుదేఱును. తెగినచో ఆ యొక్క తునకను మరల పంపిన చాలును. ఇంతియకాదు, పెంచిన హద్దులను మరల కుదించుటకును వీలయ్యెను. వాకిళ్లను అవసరమునకు మించి తెఱచియుంచుట క్షేమము కాదు. ఎవరైనను వ్యర్థమగు భారముతో డిస్కును నింపవచ్చును గదా!

తునకలన్నియు చేరిన పిదప సర్వరు వానిని వరుసగా కూర్చెను. మా యొద్ద నున్న ప్రతికిని, అచ్చటి ప్రతికిని ఎస్‌హెచ్‌ఏ-256 లెక్క కట్టి, రెంటి 64 అక్షరములను సరిచూచితిమి. ఒక్కటియు భేదింపలేదు. గడువునకు రెండు దినములు ముందుగనే సంచికలను గుడ్డలో చుట్టి ఆ యింటివారికి సురక్షితముగా అప్పగించితిమి.

ఇట్టి పనికి పూనుకొను తమ్ములకును చెల్లెండ్రకును మా మనవి యొక్కటే. ఒకమాఱు ఒక్క హద్దునే మార్చుడు, ఫలితము వ్రాసికొనుడు, సర్వరు లాగును చదువుడు. ఫైలు ఏ వాకిట ఆగినదో తెలిసినచో సగము పని తీఱినట్లే.