మసి పట్టిన అద్దాలనుకున్నా!

ఇన్నేళ్లూ ఈ సంగతి నాకు ఒక్కరూ ఎందుకు చెప్పలేదు? మాది మహారాష్ట్ర వైపు కమలాపూర్. సిరొంచకు పోయి గోదావరి వంతెన దాటితే తెలంగాణలోని కాళేశ్వరం. అటువైపు పోయినప్పుడల్లా పెళ్లికో చావుకో పోయి రావడమే. ఈసారి బావ పట్టుబట్టి మెదక్ చర్చికి తీసుకుపోయాడు. "చర్చిల చూసేదేమున్నది బావా, మన దగ్గర లేనిదా?" అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

ఊరు ఇంకా రాకముందే గోపురం కనిపించింది. 175 అడుగులు! కింద నిలబడి పైదాకా చూడబోతే మెడ పట్టేసింది. కానీ కిటికీలు చూసి ఉసూరుమన్నా. మసి పట్టిన లాంతరు గాజుల్లా నల్లగా ఉన్నాయి. వీటికోసమా ఇంత దూరం అనుకుంటూ లోపలికి అడుగు పెట్టా.

ఇక నోట మాట రాలేదు.

తూర్పు కిటికీ నిప్పులా వెలుగుతోంది. సిలువ మీద క్రీస్తు. ఎరుపు, నీలం, పసుపు. బయట నల్లగా కనిపించిన అద్దమే ఇది! దగ్గరికి పోయి చూస్తే అంతా రంగు గాజు ముక్కల అతుకే. వెనక నుంచి పొద్దు తగిలితేనే బొమ్మ లేస్తుంది. రాత్రిపూట లోపల ఎన్ని దీపాలు పెట్టినా లాభం లేదు.

"పొద్దుగూకేదాకా ఉండు బిడ్డా, పడమటిది చూడాలె" అంది పక్కనున్న ఒక పెద్దమ్మ. ఉన్నాం. పడమట క్రీస్తు పుట్టుక, ఉత్తరాన బలిపీఠం వెనక ఆయన పరలోకానికి పోవడం. పొద్దున మరణం, సాయంత్రం పుట్టుక! సూర్యుడు కథను తిరగేసి చెబుతున్నాడు. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిచ్చిన బొమ్మలట. ఉత్తరపుది 1927లో, పడమటిది 1947లో, తూర్పుది 1958లో పెట్టారు. మూడు కిటికీలకు ముప్పై ఒక్క ఏళ్లు!

ఈ చర్చి వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించింది, ఇప్పుడు చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ) వారిది. 1914లో పని మొదలుపెట్టాడు. అది కరువు కాలం. ఊరికే గంజి పోయకుండా జనానికి పని చూపి తిండి పెట్టాడు. పదేళ్లు సాగిన ఆ పని 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠతో ముగిసింది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100. అయిదు వేల మంది పడతారంటారు.

రాతి స్తంభం పక్కన నిలబడితే మా ఊరి ఏనుగుల క్యాంపులో ఏనుగు కాలి పక్కన నిలబడ్డట్టే ఉంది. అరచేయి ఆనించా, చల్లగా తగిలింది. ఈ రాయి మోసినవాళ్లకు ఆ పూట ఇంట్లో పొయ్యి వెలిగింది. ఎన్ని లెక్కలు విన్నా నా మనసు మాత్రం ఆ పొయ్యి దగ్గరే ఆగిపోయింది.

"ఏం బామ్మర్దీ, మన దగ్గర లేనిదా?" అని తిరుగు బస్సులో బావ ఎత్తిపొడిచాడు. నవ్వి ఊరుకున్నా. ఈ క్రిస్మస్‌కు మా అమ్మను తీసుకుపోతా. లోపలికి కాదు, ముందు బయట నిలబెట్టి ఆ నల్ల అద్దాలే చూపిస్తా. "ఇదేనారా?" అని తను మొహం ముడుచుకోవాలి.